మెట్ల కుర్చీలో క్యారేజీ

“కోనసీమలో మెట్లకి లిఫ్టు పెట్టించుకునేవాళ్ళు కూడా ఉంటారా?” రాజమండ్రిలో ఆ లిఫ్టులు బిగించే ఆఫీసులో చేరిన కొత్తలో మా నాన్న దగ్గర్నుంచి మా వీధి చివర ఇస్త్రీ బండాయన దాకా నన్నడగని వాళ్ళు లేరు. ఉంటారండి. గౌతమి వంతెన దాటి రావులపాలెం మీదుగా కొత్తపేట, అంబాజీపేట, అమలాపురం వైపు ఓసారి వెళ్ళి రండి. అటు పక్కకి తిరిగితే తణుకు, పాలకొల్లు, భీమవరం. కొబ్బరితోటల మధ్య ఎనభైల్లో, తొంభైల్లో కట్టిన మేడలు ఎన్ని కనిపిస్తాయో. కింద ధాన్యం బస్తాలూ, దింపు తీసిన కొబ్బరికాయల రాశీ, పైన కాపురం. వరదకీ చెమ్మకీ భయపడి కొందరు, గాలొస్తుందని కొందరు పైనే అలవాటు పడిపోయారు. ఇల్లు కట్టినప్పుడు నలభై ఏళ్ళున్న మనిషికి ఇప్పుడు డెబ్భై దాటాయి. పిల్లలు డాలస్‌లోనో, బెంగుళూరులోనో ఉంటారు. “కిందకి మారిపోండి నాన్నా” అంటారు. ఆయన మారరు. దేవుడిగది పైనుంది, గాలి పైనుంది, పొద్దున్నే పేపరు చదివే వరండా పైనుంది. ఆఖరికి పిల్లలే డబ్బు పంపి స్టెయిర్ లిఫ్ట్ పెట్టిస్తారు. మా ఊళ్ళలో దాన్ని మెట్ల కుర్చీ అంటారు. నేనూ అలాగే అంటాను.

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. మెట్ల మీద ఓ పక్కగా స్టాండ్లు బిగించి వాటి మీద పట్టా వేస్తారు. పట్టాకి పళ్ళుంటాయి, కుర్చీ కింద మోటారు గేరు ఆ పళ్ళు పట్టుకుని ఎక్కుతుంది, దిగుతుంది. సెకనుకి 15 సెంటీమీటర్లకి మించి వెళ్ళదు, అంటే నడిచే పిల్లాడు కూడా దాన్ని దాటేస్తాడు. కరెంటు మీద నేరుగా నడవదు. కుర్చీలోపల 12 వోల్టుల బ్యాటరీలు రెండుంటాయి. పట్టా పైకొసనా కింది కొసనా ఆపినప్పుడు చార్జింగ్ అవుతూ ఉంటుంది. అందుకే కరెంటు పోయినా మనిషి మధ్యలో చిక్కుకోడు. కాళ్ళు పెట్టుకునే పలక అంచుకి ఏదైనా తగిలితే చటుక్కున ఆగిపోతుంది. బెల్టు పెట్టుకోవాలి. సామాన్లు పెట్టకూడదు. ఈ చివరి రూలు ప్రతి ఇంట్లోనూ నేనే నోటితో చెప్పేదాన్ని. “బియ్యం బస్తా పెట్టుకోవచ్చా అమ్మా?” అని అడగని ఇల్లు లేదు మరి.

మాది చిన్న ఆఫీసు. ఓనరు గారు, లెక్కలు రాసే ఆవిడ, ఫోన్ల దగ్గర నేను, బిగించే కుర్రాళ్ళు. వాళ్ళలో పెద్దాయన మండపేట వాడు, నేను అన్నయ్యా అని పిలిచేదాన్ని. చిన్నవాడు భీమవరం వాడు, వాణ్ణి అందరూ తమ్ముడే అనేవారు. కస్టమర్లని కూడా మేం ఊళ్ళ పేర్లతోనే చెప్పుకునేవాళ్ళం. కొత్తపేట మాస్టారు, పాలకొల్లు మామ్మగారు, రామచంద్రపురం అమ్మగారు. ఇక్కడా అలాగే రాస్తాను, అసలు పేర్లతో మనకేం పని.

2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. సాయంత్రం అందరితోపాటు మేమూ కంచం మోగించాం. సోమవారం ఆఫీసుకి వెళ్తే ఓనరు గారు అల్మరా తీసి సర్వీసు రిజిస్టరు నా చేతిలో పెట్టారు. “ఇంటికి తీసుకెళ్ళమ్మా. ల్యాండు లైను నీ సెల్లుకి మళ్ళిస్తాను. ఈ పుస్తకంలో ఉన్నవాళ్ళంతా పెద్దవాళ్ళు. ఒక్కొక్కరికీ చేసి కనుక్కో” అన్నారు. మర్నాడు రాత్రి దేశమంతా లాక్‌డౌన్ అన్నారు. బుధవారం నుంచి రావులపాలెంలో మా ఇంటి వెనక వరండానే ఆఫీసు. పెరట్లో కోళ్ళు, పక్కింట్లో సీరియల్ చప్పుడు, నా ఒళ్ళో ఆ నీలం అట్ట రిజిస్టరు.

మొదట్లో నా ఫోనంటేనే అనుమానం వాళ్ళకి. “సర్వీసు చార్జీ ఏమైనా బాకీ ఉన్నామా?” అని అడిగినవాళ్ళు కొందరు. “కుర్చీ సుబ్బరంగా ఉందమ్మా, ఇంక పెట్టేస్తాను” అని పెట్టేసినవాళ్ళు కొందరు. రెండోసారి చేసేసరికి గొంతు మారింది. పనిమనిషిని రావద్దన్నారు, పేపరు మాన్పించారు, గుళ్ళు మూసేశారు. మనిషి గొంతు వినక నాలిక పిడచగట్టుకుపోయి ఉన్నవాళ్ళు. కుర్చీ గురించి ఓ నిమిషం, తక్కినదంతా కూర ఏం చేసుకున్నారు, అమెరికాలో మనవడికి స్కూలుందా, మీ రావులపాలెంలో కేసులున్నాయా. మా ఓనరు గారు ఫోను బిల్లు చూసి ఏమీ అనలేదు. అది ఆయన మంచితనమే అనుకోనక్కర్లేదు, వ్యాపారం తెలిసిన మనిషి. కానీ మంచితనం అస్సలు లేదని కూడా అనలేను.

కుర్చీలకి వచ్చిన మొదటి గండం వైరస్ వల్ల కాదు, పొదుపు వల్ల. “ఎలాగూ పైకి కిందకి తిరగట్లేదు కదా, కరెంటు దండగ” అని చాలామంది స్విచ్చి కట్టేశారు. చార్జింగ్ లేకుండా నెల తరబడి ఉంటే ఆ బ్యాటరీలు పూర్తిగా దిగిపోతాయి. అలా దిగిపోయినవి మళ్ళీ చార్జింగ్ పట్టవు. కొత్తవి తేవడానికి కొట్లు లేవు. అందుకని ప్రతి ఫోనులోనూ మొదటి ప్రశ్న అదే: “స్విచ్చి వేసే ఉందాండీ? చిన్న లైటు వెలుగుతోందా?” ఏప్రిల్ 5న రాత్రి తొమ్మిదింటికి తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పి దీపాలు పెట్టమన్నారు గుర్తుందా, ఆ మధ్యాహ్నమంతా నేను ఊళ్ళన్నిటికీ ఒకటే పాట. “లైట్లే ఆర్పండి, మెయిన్ కట్టెయ్యకండి. ఆ టైములో కుర్చీ ఎక్కకండి, చీకట్లో దిగేటప్పుడు కాలు జారుతుంది.” ఒక పెద్దాయన మాత్రం, “అమ్మాయ్, కుర్చీకి కూడా ఓ దీపం పెట్టనా?” అన్నారు. గోదావరి జిల్లాల వెటకారం కరోనాకి లొంగే రకం కాదు.

రెండో గండం బ్లీచింగు. పంచాయతీ వాళ్ళు వీధుల్లో హైపోక్లోరైట్ కొడుతున్నారు. ఇళ్ళల్లో కూడా అదే పిచికారీ గుమ్మాలకీ, తలుపులకీ, మెట్లకీ, చివరికి కుర్చీకీ కొట్టేశారు. పట్టా పళ్ళకి ఆ నీళ్ళు తగిలితే తుప్పు. మా వైపు గాల్లో చెమ్మ ఎలాగూ ఉంది, దానికిది తోడు. బటన్ల సందుల్లోంచి లోపలికి దిగితే సర్క్యూట్ బోర్డు పోతుంది. ఇంగ్లీషులో ఉన్న మాన్యువల్ ఎవరూ చదవరు. అందుకే ఓ రోజు కూర్చుని పెద్ద పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద తెలుగులో రాసి, ఫొటో తీసి అందరికీ వాట్సాప్‌లో పంపాను. స్విచ్చి ఆపాక తుడవండి. సబ్బునీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డ చాలు. వెంటనే పొడిగుడ్డతో తుడవండి. శానిటైజరు సీటు మీద పొయ్యకండి, రెక్సిన్ పగులుతుంది. ఏదీ పిచికారీ చెయ్యకండి. సామాన్లు పెట్టకూడదు. ఫోను జేబులో లేకుండా కుర్చీ ఎక్కకండి.

ఆ ఆఖరి మాట కొత్తపేట మాస్టారికి పనికొచ్చింది. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, చెవులు కొంచెం తక్కువ, భార్య పోయి చాన్నాళ్ళయింది. ఒకరోజు పదకొండింటికి ఫోను.

“మాస్టారూ, ఎక్కడున్నారు?”

“త్రిశంకు స్వర్గంలో ఉన్నానమ్మా. పైకీ పోలేదు, కిందా లేను.”

వెనకాల బీప్, బీప్ మని చప్పుడు నాకు వినిపిస్తోంది. ఆయనకి వినిపించట్లేదు. చార్జింగ్ దగ్గర కాకుండా మధ్యలో ఆగిపోతే అలా అరుస్తుంది కుర్చీ. అంటే బ్యాటరీ బాగానే ఉంది, కుర్చీలో ప్రాణముంది.

“బెల్టు తియ్యకండి. చేతి దగ్గర మీట కిందవైపుకి నొక్కి పట్టుకోండి. కదులుతోందా?”

“కదులుతోంది. పైకే మొరాయిస్తోంది.”

అది చాలు. ఒక వైపుకి వెళ్ళి రెండో వైపుకి వెళ్ళకపోతే మోటారు తప్పు కాదు, ఆ రెండో వైపున దేనికో తగిలిందని. తగిలిన వైపు మాత్రమే ఆగిపోయేలా చేస్తారు, మనిషి వెనక్కి వచ్చేయగలిగేలా. ఆయన మెల్లగా కిందకి వచ్చారు, దిగారు.

“ఇప్పుడు పట్టా వెంబడి పైకి చూడండి మాస్టారూ. ఏమైనా అడ్డుందా?”

“ఏమీ లేదు.”

“సరిగ్గా చూడండి.”

“ఏమీ లేదమ్మా. వేపమండలు తప్ప.”

ఊరంతా గుమ్మాలకి వేపమండలు కట్టి పసుపునీళ్ళు చల్లుకుంటున్న రోజులు. పక్కింటి అమ్మాయి వచ్చి పట్టాకి కూడా నాలుగు కట్టి వెళ్ళిందట, తాతగారు క్షేమంగా ఉండాలని. పలక అంచు సరిగ్గా ఆ ఆకులకి తగిలి ఆగింది. “రోగం పైకి రాకూడదని కట్టింది, నేనే పైకి పోలేకపోయాను” అని ఆయన నవ్విన నవ్వు నాకింకా చెవుల్లో ఉంది.

ఫోన్లో తేలని పనులకి అన్నయ్య బయల్దేరేవాడు. ముసలివాళ్ళ పరికరాల రిపేరని రాసి పాసు తెచ్చుకున్నాడు. వదిన పాత లుంగీ చింపి కుట్టిన మాస్కు, బండి ట్యాంకు మీద బ్యాటరీలు, వీపున పనిముట్ల సంచి. దాళ్వా కోతల కాలం అది, పొలాల్లో మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి, రోడ్ల మీద మాత్రం పురుగు లేదు. ప్రతి చెక్‌పోస్టు దగ్గరా ఇతనికి ఒకటే పరీక్ష. “స్టెయిర్ లిఫ్టా? అదేం పని?” అని ఆపేవారు. అతను సెల్లులో వీడియో చూపించేవాడు, మామ్మగారొకావిడ కుర్చీలో కూర్చుని మహారాణిలా పైకి వెళ్తున్నది. ఒక చోట హెడ్ కానిస్టేబులు అది మొత్తం చూసి, “మా అమ్మకి ఇలాంటిది పెట్టాలంటే ఎంతవుతుంది?” అని ఎండలో అరగంట నిలబెట్టాడట. ఆర్డరు రాలేదనుకోండి, పాసు మాత్రం తర్వాత ఎవరూ అడగలేదు.

యానాం సంగతి వేరు. అది పుదుచ్చేరి కిందది కదా, సరిహద్దు మూసేశారు. ఇటు ఎదుర్లంక దాకా వెళ్ళగలం, వంతెన దాటలేం. అక్కడ ఒక తాతగారి కుర్చీలో బ్యాటరీలు పోయాయి. ఆయన పైనుండిపోయారు, బాత్రూము పైనా ఉంది కాబట్టి బతికిపోయారు. అన్నయ్య కొత్త బ్యాటరీలు తీసుకెళ్ళి వంతెన దగ్గర ఇస్తే అటునుంచి మనవడు వచ్చి పట్టుకెళ్ళాడు. ఇంటర్ చదువుతున్న కుర్రాడు. వీడియో కాల్‌లో మార్పించాం. ముందు గోడ స్విచ్చి ఆపు, తర్వాత కుర్చీ మీద స్విచ్చి ఆపు. మూత నాలుగు స్క్రూలు. పాతవి తీసేముందు ఫొటో తీసుకో. మొదటి బ్యాటరీ ఎరుపు నుంచి రెండోదాని నలుపుకి చిన్న వైరు, మిగిలిన రెండు కొసలూ మోటారుకి. ఆ కుర్రాడి చెయ్యి వణుకుతుంటే అన్నయ్య వంతెన మొదట్లో బండి మీదే కూర్చుని, “తొందర్లేదురా, నేనిక్కడే ఉంటాను” అంటున్నాడు. కుర్చీ కదలగానే అటు పక్క ఇల్లంతా ఈలలు.

పాలకొల్లు మామ్మగారిది మరో కథ. వాళ్ళ మెట్లు మధ్యలో తిరుగుతాయి. తిన్నగా ఉండే మెట్లకైతే పట్టా కోసి సరిపెట్టేస్తాం గానీ, వంపు మెట్లకి ఆ ఇంటి కొలతలతోనే విదేశంలో తయారుచేయించాలి. ఫిబ్రవరిలో కొలతలు తీసి పంపాం. మార్చిలో అంతా ఆగిపోయింది. అక్కడ ఫ్యాక్టరీ మూత, ఇక్కడ రేవుల్లో సరుకు గుట్టలు. తుంటి ఎముక విరిగి ఆపరేషనయిన మనిషి, కింద హాల్లో మంచం వేసుకుని కూర్చుంది. వారం వారం ఫోను చేసి ఆలస్యమవుతోందని చెప్పడం నా ఉద్యోగంలో నాకు నచ్చని భాగం. ఆవిడ మాత్రం తిట్టలేదు. “నా పట్టాలు ఇవాళ ఏ సముద్రంలో ఉన్నాయే?” అని అడిగేది. నేను తెలిసినంతవరకూ నిజమే చెప్పేదాన్ని. వచ్చే వారం వచ్చేస్తుందని అబద్ధం చెప్పొద్దని ఓనరు గారి ఆజ్ఞ. కొందరు డీలర్లు అలా చెప్పి నెట్టుకొచ్చారు, వాళ్ళ కస్టమర్లే తర్వాత మాకు ఫోన్లు చేశారు.

వర్షాకాలం మొదలయ్యాక పట్టాలొచ్చాయి. అన్నయ్యా తమ్ముడూ నెత్తి నుంచి పాదాల దాకా ఆ ప్లాస్టిక్ కిట్లు తొడుక్కుని బిగించారు. ఇంట్లోవాళ్ళు పెరట్లోకి వెళ్ళి నిలబడ్డారు. పని అయ్యేసరికి ఇద్దరి బూట్లలోనూ చెమట నీళ్ళు. అప్పుడొచ్చింది అసలు గొడవ. ఇంటికొచ్చిన మనిషి మంచినీళ్ళు కూడా పుచ్చుకోకుండా వెళ్ళడమేమిటి? మాస్కు తియ్యకూడదండీ అంటే మామ్మగారికి కోపం వచ్చింది. “మా ఇంట్లో నీళ్ళు తాగితే చస్తారా?” అంది. చివరికి వాళ్ళబ్బాయి రెండు బొండాలు దింపించి గేటు గోడ మీద పెట్టి దూరంగా జరిగాడు. వీళ్ళు రోడ్డు మీదకి వెళ్ళి, కిట్లు విప్పి సంచిలో కట్టి, చేతులు కడుక్కుని, తాగారు. బొండం లోపలికి ఏ వైరస్సూ దూరలేదు కదా. అప్పట్నుంచి మా వాళ్ళు ఎక్కడికి వెళ్ళినా అదే ఏర్పాటు, ముందే ఫోనులో చెప్పేదాన్ని: “కాఫీ వద్దండీ, గోడ మీద బొండం పెట్టండి.”

జులై, ఆగస్టుల్లో తూర్పు గోదావరిలో కేసులు ఎలా పెరిగాయో ఇక్కడున్న ఎవరినడిగినా చెబుతారు. ఆసుపత్రుల్లో మంచాల్లేవు, తేలిగ్గా ఉన్నవాళ్ళని ఇంట్లోనే విడిగా ఉండమన్నారు. రామచంద్రపురం అమ్మగారి ఇంట్లో అయ్యగారికి పాజిటివ్. ఆయన పైగదిలో, ఆవిడ కింద. మెట్ల కుర్చీ పెట్టించుకున్నదే ఆవిడ మోకాళ్ళ కోసం. పైకి అన్నం ఎవరు పట్టుకెళ్ళాలి? ఆవిడ వెళ్తే ఆవిడకీ అంటుకుంటుంది. చుట్టుపక్కల వాళ్ళు గేటు దగ్గరికి కూడా రావట్లేదు.

“అమ్మాయ్, ఒక్కమాట. కుర్చీలో మనిషి లేకపోతే కదులుతుందా?”

కదులుతుంది. పైనున్న కుర్చీని కిందకి పిలవడానికీ, కిందనున్నదాన్ని పైకి పంపడానికీ గోడకి రిమోటు ఉంటుంది. అది ఆవిడకి తెలుసు. అడిగింది అందుకు కాదు.

“అయితే నాలుగు గిన్నెల క్యారేజీ కూర్చోబెట్టి పంపిస్తే?”

నేను మాట్లాడలేదు. సామాన్లు పెట్టకూడదని ఆవిడకి బిగించిన రోజున చెప్పింది నేనే. ఇప్పుడు ఆ రూలు అప్పజెబితే ముసలాయన పస్తుంటాడు. “పావుగంటలో చేస్తానండీ” అని పెట్టేసి ఓనరు గారికీ అన్నయ్యకీ కలిపి ఫోను చేశాను. ఓనరు గారు కాసేపు గొణిగి, “అన్నయ్య ఏమంటే అది” అన్నారు. అన్నయ్య రూలు ఎందుకుందో అక్కడ మొదలుపెట్టాడు. బరువెక్కువైతే గేరు అరుగుతుంది, క్యారేజీ బరువెంత, పర్లేదు. జారి మెట్ల మీద పడి పట్టాలో ఇరుక్కుంటే ప్రమాదం. తడి లోపలికి దిగితే ప్రమాదం. అంటే జారకూడదు, ఒలకకూడదు. ఈ రెండూ చూసుకుంటే చాలు.

ఆవిడకి చెప్పాను. సీటు మీద లోతు పళ్ళెం పెట్టండి, అందులో క్యారేజీ, చుట్టూ తువ్వాలు కుక్కండి, కుర్చీ బెల్టు క్యారేజీ పిడిలోంచి దూర్చి బిగించండి. రిమోటు బటన్ నొక్కి పట్టుకునే ఉండండి, చూపు కుర్చీ మీదే, వదిలితే ఆగిపోతుంది. కుర్చీ పైకి చేరి మీరు వెనక్కి జరిగాకే అయ్యగారు గది తలుపు తీసి రావాలి. పులుసులూ చారూ వద్దు.

“పులుసు లేకపోతే ఆయన ముద్ద ఎత్తరమ్మా.”

మళ్ళీ అన్నయ్యకి ఫోను. ఫ్లాస్కులో పోసి మూత బిగించి పడుకోబెట్టకుండా నిలబెట్టి పంపవచ్చని తీర్పు వచ్చింది. మొదటి రోజు ఆవిడ వీడియో కాల్‌లో చూపించింది. ఎరుపు బెల్టు కట్టుకుని స్టీలు క్యారేజీ బుద్ధిగా కూర్చుని, మెట్టు మెట్టూ పైకి వెళ్తోంది. మామూలుగా అరనిమిషం పట్టే దారి, ఆ రోజు ఎంతసేపో పట్టినట్టనిపించింది. పైన తలుపు కిర్రుమంది, ఒక సన్నటి చెయ్యి బెల్టు విప్పింది. గంటయ్యాక ఖాళీ క్యారేజీ తిరిగొచ్చింది. ఆవిడ దాని మీద మరిగే నీళ్ళు పోసి ఎండలో బోర్లించింది. క్యారేజీలో ఓ చీటీ: “పులుసులో ఉప్పు తక్కువ.” ఆ చీటీ చూసి ఆవిడ ఏడ్చిందట. నోరు చేదుగా ఉంది, రుచి తెలియట్లేదని అంతకుముందు రోజు వరకూ ఫోనులో అన్న మనిషి, ఉప్పు తక్కువని రాశాడంటే రుచి వచ్చిందన్నమాట.

ఆ సంగతి మా దగ్గర్నుంచి నలుగురికీ తెలిసింది. తరవాత ఎన్ని ఇళ్ళలో ఎన్ని కుర్చీల మీద ఇడ్లీలు, కషాయాలు, మాత్రలు, పల్స్ ఆక్సీమీటర్లు, ఉతికిన లుంగీలు ఎక్కిదిగాయో. తణుకులో ఒకాయన చదరంగం బల్ల పంపుకునేవాడు, ఒక ఎత్తు ఆయనది, ఒక ఎత్తు పైనున్న తమ్ముడిది. బల్లకి బెల్టు పట్టట్లేదని అన్నయ్య వద్దన్నాడు. వాళ్ళు విన్నారనుకోను.

అదే ఆగస్టులో గోదావరి కూడా వచ్చింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, 17.75 అడుగులు దాటాక ఇచ్చేది. 20 లక్షల క్యూసెక్కులు పైబడి సముద్రంలోకి వదిలారు. లంకల పక్క ఊళ్ళవాళ్ళకి ఫోన్లు చెయ్యడం మాకు ప్రతి వరదలోనూ అలవాటే: కుర్చీని పైకి పంపేయండి, పైకొసన ఆపండి, కిందున్న చార్జరు ప్లగ్గు తీసి ఎత్తున కట్టండి. మోటారూ బ్యాటరీలూ కుర్చీలోనే ఉంటాయి కాబట్టి అది పైకి చేరితే పట్టా మునిగినా కడుక్కోవచ్చు. ఆ ఏడు మాత్రం ఇంకో ప్రశ్న అదనం. “పునరావాస కేంద్రానికి రమ్మంటున్నారమ్మా, అక్కడ జనం ఉంటారు కదా, వెళ్ళొచ్చా?” దానికి నా రిజిస్టరులో జవాబు లేదు. మీ వాలంటీరు నంబరు ఇవ్వండి, నేను మాట్లాడతాను అని, మాట్లాడి, మళ్ళీ వీళ్ళకి చెప్పడం. మెట్ల కుర్చీల కంపెనీకి ఈ పనులెందుకని మా లెక్కలావిడ ఒకసారి అంది. ఆవిడే మర్నాడు ఓ కస్టమరుకి బీపీ మాత్రలు కొని ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతిలో పెట్టి పంపింది.

2021 వేసవి గురించి ఎక్కువ రాయలేను. మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ, పొద్దున్న ఆరు నుంచి పన్నెండు లోపే మావాళ్ళు వెళ్ళి రావాలి. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినవాళ్ళకి మెట్లెక్కితే ఆయాసం, ఆక్సీమీటర్లో అంకె జారిపోయేది. డాక్టర్లు మెట్లు ఎక్కొద్దన్నారని అద్దెకి కుర్చీలు కావాలని అడిగేవారు. తిన్నటి పట్టాలుంటే వేశాం. తమ్ముడికి కూడా వచ్చింది. వాడు భీమవరంలో ఇంట్లో పడుకుని ఉంటే పాలకొల్లు మామ్మగారు రోజూ ఫోను చేసి అన్నం తిన్నావా, ఆక్సిజన్ ఎంతుంది అని మా రిజిస్టరు ప్రశ్నలన్నీ వాణ్ణి అడిగేది. వాడు లేచాడు.

లేవనివాళ్ళూ ఉన్నారు. రిజిస్టరులో వాళ్ళ పేజీల్లో గీత గియ్యమని ఓనరు గారు అన్నారు, నేను గియ్యలేదు. జూన్, జులైల్లో “కుర్చీ తీసేయండి” అన్న ఫోన్లు మొదలయ్యాయి. తీసేటప్పుడు మెట్ల మీద స్టాండు ఉన్న ప్రతిచోటా బోల్టుల కన్నాలుంటాయి. వాటిని తెల్లసిమెంటుతో పూడ్చేసి వచ్చేయడం పద్ధతి. అన్నయ్య అలా చెయ్యలేదు. మండపేటలో మొజాయిక్ పాలిష్ చేసేవాళ్ళ దగ్గర ఆ ఇంటి మెట్ల రంగు చిప్సు, పొడి అడిగి తెచ్చుకునేవాడు. నింపి, ఆరాక గరుకు రాయితో రుద్ది, తడిగుడ్డతో తుడిచి, పక్క మెట్టుతో పోల్చి చూసుకునేవాడు. ఎక్కడ కన్నం ఉండేదో కనపడకూడదని. దానికి విడిగా బిల్లు రాయలేదు, ఓనరు గారూ అడగలేదు. వెనక్కొచ్చిన తిన్నటి పట్టాలు, కుర్చీలు శుభ్రం చేసి, బ్యాటరీలు మార్చి, కొనలేనివాళ్ళకి తక్కువలో వేశాం. వంపు పట్టాలు ఇంకో ఇంటికి పనికిరావు, అవి తుక్కుకే.

ఆ తర్వాత ఏడాదికి పెళ్ళయి నేను విశాఖపట్నం వచ్చేశాను. అన్నయ్య మండపేటలో సొంతంగా ఇన్వర్టర్ల షాపు పెట్టుకున్నాడు, మెట్ల కుర్చీలకి ఇప్పటికీ పిలిస్తే వెళ్తాడు. తమ్ముడే ఇప్పుడు ఆఫీసులో పెద్ద. లాక్‌డౌన్‌లో నేను రాసిన కాగితం కొత్త కస్టమర్లకి లామినేషన్ చేసి ఇస్తున్నారట. మొన్న తమ్ముడు ఫోను చేసి, అందులో “సామాన్లు పెట్టకూడదు” అన్న లైను తీసేద్దామా అక్కా, ఎలాగూ ఎవరూ వినట్లేదు అన్నాడు. పక్కనుంచి ఓనరు గారి గొంతు నాకు వినిపించింది.

“ఉంచరా. రాతలో ఉండాల్సిందే. అడిగినవాళ్ళకి ఫోనులో చెప్పు, పులుసు ఫ్లాస్కులో పొయ్యమని.”